భారమెక్కడిది?

శ్రీనగర్ కాలనీ నుండి జూబ్లీహిల్స్ వైపు ఎక్కిపోవు దారిలో, మేడల సందులనుండి ఇప్పటికిని తొంగిచూచుచున్న గ్రానైటు గుండ్లు రమారమి 250 కోట్ల సంవత్సరముల నాటివి. న్యూటను 1687లో ప్రకటించిన సూత్రము చొప్పున ద్రవ్యరాశి గల ప్రతి వస్తువును తక్కిన వస్తువులనెల్ల ఆకర్షించును. కావున ఆ గుండు సైతము బాటసారిని తనవైపు లాగుచునే యున్నది. ఐదు మీటర్ల వ్యాసార్ధము గల గుండును ఆనుకొని నిలిచినవానిపై దాని ఆకర్షణ భూమ్యాకర్షణలో సుమారు 26 లక్షలవ వంతు! మన దేహము దీనిని గుర్తింపజాలదు గాని, ఈ నగరముననే 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల ఆకర్షణను కొలుచుటకు వాడు గ్రావిమీటరునకు ఇది పెద్ద సంఖ్యయే. భూగర్భశిలల సాంద్రతా భేదములను పైనుండియే పసిగట్టుట ఇట్టి సూక్ష్మ వ్యత్యాసముల వలననే సాధ్యమగుచున్నది.

ఎంత లాగునో చెప్పిన న్యూటను, ఏల లాగునో చెప్పలేదు. నడుమ ఏమియు లేక ఒక వస్తువు దూరముననున్న మరియొకదానిని లాగుననుట అతనికే అసంబద్ధముగా తోచినది.

ఫిల్మ్‌నగర్ పరిసరములలో రోప్ షాట్ చిత్రించునపుడు క్రేనుకు వ్రేలాడు డూపును అడుగుడు: నడుమునకు బిగించిన పట్టీ ఒరసికొను బాధయే అతడెరిగిన భారము. అది త్రాడు పైకి లాగుట వలన కలిగినదే గాని భూమి క్రిందికి లాగుట వలన కాదు. త్రాడు వదలినంతనే, పరుపుపై పడువరకు, అతనికి భారమే తోచదు. బెర్ను నగరపు పేటెంటు కార్యాలయమున పనిచేయుచుండగా 1907లో ఐన్‌స్టీనునకు స్ఫురించినది సరిగా ఇదియే. అతడు 1915లో తేల్చినదేమనగా, ద్రవ్యరాశి తన చుట్టునున్న దేశకాలములను వంచును. పడుచున్న వస్తువు ఆ వంపులో తనకు సాధ్యమైనంత తిన్నని మార్గమున పోవును. దానికి అడ్డుపడునది నేల. మన యెడ ఈ వంపులో ముఖ్యమైనది కాలమునకు సంబంధించినదే: భూమికి చేరువైనకొలది గడియారము మెల్లగా నడచును. కేవలము 33 సెంటీమీటర్ల ఎత్తు భేదమునకే ఈ తేడా కలుగుటను 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. ముప్పది మీటర్ల మేడ కొసనున్న గడియారము నేలమీది దానికంటె ఏడాదికి సెకనులో కోటియవ వంతు ముందుండును. పై అంతస్తువారు ఆ మేరకు త్వరగా వృద్ధులగుదురనుట సత్యమే గాని, దానికై అద్దె తగ్గించువారెవ్వరును లేరు.

ద్రవ్యరాశి కాలమునేల వంచవలెను? ఎంత వంచునో ఐన్‌స్టీను సమీకరణములు చెప్పును. ఏల యన్నచో అవియు న్యూటను వలెనే మౌనము వహించును. పరమాణు ప్రపంచమును శాసించు క్వాంటం సిద్ధాంతముతో వీటికి పొత్తు కుదురువరకు ఆ ప్రశ్నకు ఉత్తరము దొరకునని నేననుకొనను. ఆ పొత్తు ఇంకను కుదరలేదు.