చిల్లుకుండకు అయిదో తరం

మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో ఒక్కొక్క భాగమే కొనుక్కొచ్చి తనే బిగించుకున్న కంప్యూటర్ వాడిది. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, పక్కన బ్రౌజర్లో నాలుగు పేజీలు పెట్టుకుంటే చాలు, మౌస్ కదలడానికి కూడా మొరాయిస్తోందట. మొన్న ఆదివారం ఫోన్ చేసి, "మామయ్యా, ర్యామ్‌ను డీడీఆర్5కి మార్చేద్దామనుకుంటున్నా. ఏమంటావ్?" అన్నాడు. నేను వెంటనే ఏమీ అనలేదు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ముందు ఆ పెట్టె విప్పించాను.

పవర్ తీసేసి, రెండు కొసల్లోని క్లిప్పులు వెనక్కి వంచితే ర్యామ్ స్టిక్ దానంతటదే పైకి లేచింది. 13 సెంటీమీటర్ల పొడుగు పలక. దాని మీద ఎనిమిది నల్లటి చిప్పులు. కింది అంచున బంగారు పూత పిన్నులు రెండు వైపులా కలిపి 288. ఆ అంచులోనే, నట్టనడుమ కాకుండా కొంచెం పక్కకు, ఒక గాటు. స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో '8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-3200' అని ఉంది. వాడి చేత చదివించాను. మొదటిది పరిమాణం. రెండోది చిప్పుల పొందిక: ఒక్కో చిప్పు ఒక్కసారికి 8 బిట్లు ఇస్తుంది, ఎనిమిదీ ఒకే జట్టుగా కలిసి 64 బిట్లు అందిస్తాయి. పీసీ4 అంటే నాలుగో తరం, అదే డీడీఆర్4. చివరి 3200కి అర్థం, ఒక్కో డేటా పిన్ను మీదుగా సెకనుకు 320 కోట్ల బిట్లు పోగలవని. ఈ స్టిక్కు పక్కన ఇంకో స్లాటు ఉంది. కొన్ననాటి నుంచీ ఖాళీయే, దుమ్ము పట్టి ఉంది.

ఆ పలక మీదున్న 8 గిగాబైట్లంటే దాదాపు 6,870 కోట్ల గదులు. ఒక్కో గదిలో ఉండేవి రెండే వస్తువులు. విద్యుత్తు చార్జిని పట్టి ఉంచే కెపాసిటర్ ఒకటి, దానికి తలుపులా పనిచేసే ట్రాన్సిస్టర్ ఒకటి. కెపాసిటర్ నిండి ఉంటే 1, ఖాళీగా ఉంటే 0.

ఇంత పొదుపైన గదిని ఊహించినవారు రాబర్ట్ డెన్నార్డ్. 1932లో టెక్సస్‌లో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం వాట్సన్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఇంజినీరు. 1966 నాటికి కంప్యూటర్ మెమరీ అంటే ఫెరైట్ ఉంగరాలు. బిట్టుకో ఉంగరం చొప్పున, వాటిలోంచి సన్నటి తీగలు దూర్చి చేత్తో అల్లేవాళ్లు. డెన్నార్డ్ పనిచేసే చోట ట్రాన్సిస్టర్లతోనే మెమరీ చేద్దామని ప్రయత్నం సాగుతోంది గానీ ఒక్క బిట్టుకు ఆరు ట్రాన్సిస్టర్లు కావలసి వస్తున్నాయి. అంత చోటు తినే గదులతో పెద్ద మెమరీ కట్టడం కుదిరే పని కాదు. ఆరూ ఎందుకు, ఒక్కటి చాలదా అన్న ప్రశ్న పట్టుకుని ఆయన పైన చెప్పిన గదికి చేరుకున్నారు. 1968 జూన్‌లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ విడుదల చేసిన 1103 చిప్పు ఈ దారిలో మొదటి పెద్ద విజయం. అందులో ఉన్నవి 1,024 బిట్లు, గదికి మూడు ట్రాన్సిస్టర్లు. ఒకే ట్రాన్సిస్టర్ గది మరి కొన్నేళ్లకు మార్కెట్లోకి దిగింది. తరాలెన్ని మారినా గది మాత్రం ఇప్పటికీ అదే. డెన్నార్డ్ 2024 ఏప్రిల్‌లో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన జేబుల్లోని ప్రతి ఫోన్లోనూ ఆయన ఆలోచన కోట్ల కొద్దీ ప్రతులుగా ఉంది. అయినా ఆయన పేరు పెద్దగా వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ పొదుపుకు మాత్రం ఒక మూల్యం చెల్లించాలి. కెపాసిటర్ చిల్లుకుండ. అందులో పట్టేవి కొన్ని పదివేల ఎలక్ట్రాన్లు. నింపిన క్షణం నుంచే కారిపోతుంటాయి. అందుకని డీడీఆర్4లో ప్రతి గదినీ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి మళ్లీ నింపుతూ ఉండాలి. ఇంత పనిని 8,192 వంతులుగా పంచుతారు. లెక్క కడితే సెకనుకు 1,28,000 సార్లు, మనం కీబోర్డు ముట్టుకున్నా ముట్టుకోకపోయినా, ఈ నింపుడు జరుగుతూనే ఉంటుంది. చిప్పు వేడెక్కితే కారడం ఎక్కువవుతుంది. చల్లబడితే తగ్గుతుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు దుమ్ము ఊదే స్ప్రే డబ్బాను తలకిందులు చేసి ర్యామ్ మీద కొట్టి, మైనస్ 50 డిగ్రీల దాకా చల్లబరిచారు. కరెంటు తీసేసిన తర్వాత కూడా అందులోని సమాచారం నిమిషాల తరబడి నిలిచింది. రహస్య తాళాలను కూడా అందులోంచి చదివి చూపించారు.

చదవడమంటే కూడా కుండ వంచడమే. ఒక గదిలో ఏముందో తెలియాలంటే దాని వరుస మొత్తం తలుపులు తీసి, లోపలి చార్జిని పొడవాటి తీగల్లోకి వదలాలి. ఆ చార్జి తీగలో కలిగించే మార్పు అతి స్వల్పం. తీగ చివర కాపు కాసే సర్క్యూట్లు ఆ కాస్త మార్పును పసిగట్టి, పెద్దది చేసి, బయటికి పంపి, ఖాళీ అయిన కుండలను తిరిగి నింపాలి. ఈ తతంగానికి పట్టే సమయాన్ని గట్టిగా తగ్గించడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. కొత్త తరానికి మారాలా వద్దా అన్న ప్రశ్న మొత్తం ఇక్కడే ఉంది.

మరి తరం మారినప్పుడల్లా వేగం రెట్టింపయిందని చెబుతారే, అది ఎక్కడి నుంచి వచ్చింది? కిరాణా కొట్టు వెనక గోడౌనును తలచుకోండి. కుర్రాడు లోపలికి వెళ్లి సరుకు తెచ్చి బల్ల మీద పెట్టాలి. వాడి నడక వేగం పెంచలేం. వెళ్లిన ప్రతిసారీ తెచ్చే పొట్లాల సంఖ్య పెంచగలం. 2000లో ప్రమాణంగా వచ్చిన మొదటి డీడీఆర్ ఒక్కో పిన్నుకూ ఒక్క ట్రిప్పులో 2 బిట్లు తెచ్చింది. 2003లో వచ్చిన డీడీఆర్2 నాలుగు, 2007 నాటి డీడీఆర్3 ఎనిమిది తెచ్చాయి. డీడీఆర్-400, డీడీఆర్2-800, డీడీఆర్3-1600, పేర్లలో అంకెలు రెట్టింపవుతూ వచ్చినా మూడింటి లోపలా గదుల గడియారం అదే 200 మెగాహెర్ట్జ్. 2012 నాటి డీడీఆర్4 ఎనిమిదితోనే ఉండి, గోడౌనును విభాగాలుగా చీల్చి, ఒక కుర్రాడు వచ్చేలోగా ఇంకొకణ్ణి పంపింది. 2020 జులైలో ప్రమాణం వెలువడిన డీడీఆర్5 పదహారుకు వెళ్లింది.

నడక సంగతి చూడండి. వరుస తలుపులు అప్పటికే తెరిచి ఉన్నాయనుకుంటే, అడిగిన దగ్గర నుంచి మొదటి బిట్టు రావడానికి మంచి డీడీఆర్-400 స్టిక్కుకు 10 నానోసెకన్లు పట్టేది. ఆ ఆలస్యాన్ని గడియారపు టిక్కుల్లో చెప్పే అంకె సీఎల్. సీఎల్16 అని రాసి ఉన్న డీడీఆర్4-3200కీ అదే 10. సీఎల్30 రకం డీడీఆర్5-6000కీ అదే 10. ఇరవై ఏళ్లు గడిచినా కుర్రాడి నడక మారలేదు. తెచ్చే సరుకు మాత్రం సెకనుకు 3.2 గిగాబైట్ల నుంచి 48కి పెరిగింది. తరం కొత్తగా వచ్చినప్పుడైతే నడక మందగించింది కూడా. డీడీఆర్5 మొదట్లో అమ్మిన 4800 రకం స్టిక్కుల్లో చాలావాటికి సీఎల్40, అంటే దాదాపు 16.7 నానోసెకన్లు. ముదిరిన పాత తరం కంటే లేత కొత్త తరం వెనకబడి ఉండటం ప్రతిసారీ చూస్తున్నదే.

తొందరపడ్డవాళ్లు దెబ్బతిన్న సందర్భం చరిత్రలో ఒకటుంది. 1999 చివర్లో ఇంటెల్ తన కొత్త చిప్‌సెట్లను ర్యాంబస్ అనే వేరే రకం మెమరీ చుట్టూ కట్టింది. ఖరీదు ఎక్కువ, వేడి ఎక్కువ, మొదటి బిట్టు రావడానికి ఆలస్యమూ ఎక్కువే. ఖాళీ స్లాట్లలో కూడా సర్క్యూటు తెగకుండా డమ్మీ పలకలు పెట్టాల్సి వచ్చేది. రెండేళ్లు తిరిగేసరికి ఇంటెలే సాధారణ ఎస్‌డీర్యామ్‌కు, ఆ వెంటనే డీడీఆర్‌కు దారి ఇచ్చింది. ర్యాంబస్ కొన్నవాళ్ల బోర్డుల్లో ఇంకో రకం స్టిక్కు పట్టేది కాదు.

డీడీఆర్5 అలాంటిది కాదు, నిలిచింది. అందులో నేను మెచ్చుకునే మార్పులు చాలా ఉన్నాయి. 64 బిట్ల దారిని రెండు 32 బిట్ల దారులుగా విడదీశారు, రెండు పనులు ఒకదానికొకటి అడ్డు రాకుండా సాగుతాయి. వోల్టేజీ 1.2 నుంచి 1.1కి దిగింది. దాన్ని సరిచూసే చిప్పు మదర్‌బోర్డు మీది నుంచి స్టిక్కు మీదికే వచ్చింది. గదులు మరీ చిన్నవై, మరీ దగ్గరై, ఒకదాని ప్రభావం పక్కదాని మీద పడే రోజులివి. ఒకే వరుసను పదేపదే తెరిస్తే పొరుగు వరుసలోని బిట్లు తారుమారవుతున్నాయని కార్నెగీ మెలన్ పరిశోధకులు 2014లో డీడీఆర్3 స్టిక్కుల మీద చూపించారు. గదులు చిన్నవయ్యేకొద్దీ పెరిగే తప్పుల్లో ఒంటి బిట్టు తప్పులను దిద్దుకునే ఏర్పాటు డీడీఆర్5 చిప్పుల్లోనే ఉంది. పొరుగు వరుస బెడదను అది పూర్తిగా తీర్చలేదు.

అయితే ఇవేవీ మావాడి బోర్డుకు అందవు. డీడీఆర్5 డెస్క్‌టాప్ స్టిక్కుకూ పిన్నులు 288యే, కానీ గాటు వేరే చోట ఉంటుంది. నొక్కినా దిగదు. మెమరీ తరం మారాలంటే మదర్‌బోర్డు, చాలాసార్లు దానితో పాటు ప్రాసెసర్ కూడా మార్చాలి. ర్యామ్ ఒక్కటీ కొంటానని బయల్దేరినవాడు సగం కంప్యూటర్ కొని వస్తాడు.

కాగితం తీసుకుని లెక్క వేశాం. టాస్క్ మేనేజర్లో చూస్తే 8 గిగాబైట్లలో కొంత భాగాన్ని ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ పట్టుకుపోయింది. మిగిలింది ఆండ్రాయిడ్ స్టూడియోకే చాలదు. పట్టనిదంతా ఎస్ఎస్‌డీకి పోయి వస్తోంది. ర్యామ్ దాకా వెళ్లి రావడానికి ఒక సెకను పడుతుందనుకుంటే ఎస్ఎస్‌డీ దాకా వెళ్లి రావడానికి పావుగంట పైగా పడుతుంది. మౌస్ ఆగిపోతున్నది అక్కడ. దానికి కావలసింది చోటు.

రెండో సంగతి ఆ ఖాళీ స్లాటు. ఒక్క డీడీఆర్4-3200 స్టిక్కు సెకనుకు 25.6 గిగాబైట్లు ఇస్తుంది. అలాంటిదే రెండోది పెడితే రెండు దారులూ తెరుచుకుని 51.2 అవుతుంది. ఒంటరి డీడీఆర్5-4800 స్టిక్కు ఇచ్చేది 38.4 మాత్రమే. దుమ్ము పట్టిన ఆ స్లాటులో ఒక తరాన్ని మించిన వేగం ఇన్నాళ్లూ ఖాళీగా పడి ఉంది. సొంత మెమరీ లేని గ్రాఫిక్స్‌కు ఈ వెడల్పే ప్రాణం కాబట్టి, మావాడి ఆటలు కూడా బాగుపడతాయి.

"మరి ఏఐ మోడల్ ఇంట్లోనే నడుపుకోవాలంటే?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. భాషా మోడల్ ఒక్కో మాట ముక్క పుట్టించడానికి తన అంకెలన్నిటినీ మెమరీ నుంచి ఒకసారి లాగాలి. 4 గిగాబైట్ల మోడల్‌ను ప్రాసెసర్ మీదే నడిపితే, సెకనుకు 51.2 గిగాబైట్ల దారిలో మహా అయితే 12 ముక్కలు వస్తాయి. డీడీఆర్5-6000 స్టిక్కులు రెండు పెట్టిన యంత్రంలో దారి 96, ముక్కలు 24 దాకా. ఇలాంటి పని రోజూ చేసేవాళ్లు, పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, కొత్తగా కంప్యూటర్ మొత్తం కొంటున్నవాళ్లు నిశ్చింతగా డీడీఆర్5కి వెళ్లాలి. ఎఎండీ 2022లో తెచ్చిన ఎఎం5 బోర్డులకైతే అది తప్ప ఇంకో మెమరీ పట్టదు కూడా.

ధరల గొడవ కూడా చెప్పాను. ఏఐ డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే పేర్చిన మెమరీ విపరీతంగా కావాలి. సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ఫ్యాక్టరీల్లో అది కూడా ఇవే సిలికాన్ పలకల నుంచి పుట్టాలి. 2025 చివరికి రెండు తరాల స్టిక్కుల ధరలూ ఎగబాకాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు నేరుగా అమ్మే వ్యాపారాన్నే మైక్రాన్ ఆ డిసెంబరులో వదులుకుంటున్నట్టు ప్రకటించింది. ఇలాంటప్పుడు బాగున్న పాత స్టిక్కును తీసి పక్కన పడేయడానికి నాకైతే మనసొప్పదు.

మర్నాడు సీటీసీకి వెళ్లాం. పాత స్టిక్కును జేబు రుమాల్లో చుట్టి తీసుకెళ్లాడు. కౌంటర్ మీద రెండు స్టిక్కర్లూ పక్కపక్కన పెట్టి, 8జీబీ, 1ఆర్ఎక్స్8, 3200, సీఎల్ అంకె అన్నీ ఒకటేనా అని వాడే సరిచూసుకున్నాడు. ఇంటికొచ్చి స్లాటులోని దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపి, గాటు చూసుకుని నిలబెట్టి, రెండు బొటనవేళ్లతో నొక్కాడు. క్లిప్పులు టక్కుమన్నాయి. మీట నొక్కాక తెర చాలాసేపు నల్లగానే ఉంది. వాడి మొహంలో కంగారు కనిపించింది. కొత్త స్టిక్కు ఎప్పుడు జవాబిస్తుందో బోర్డు కొలుచుకుంటోంది, ఆగమన్నాను. ఫ్యాను సన్నగా తిరుగుతోంది. కాసేపటికి లోగో వచ్చింది. టాస్క్ మేనేజర్ తెరిచి చూపుడు వేలు తెర మీద పెట్టి చదివాడు: 16 గిగాబైట్లు, స్లాట్లు రెండుకు రెండు.