బనియను వెనుక ఆడపిల్ల

కోయంబత్తూరులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి నేను. ఇక్కడి నూలు మిల్లులు, తిరుప్పూరు బనియను కంపెనీలు మనవాళ్లెందరికో అన్నం పెట్టాయి. అయితే ఆ మిల్లుల్లోనే ‘సుమంగళి పథకం’ కూడా నడిచింది. పేదింటి పిల్ల మూడేళ్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే, పెళ్లి ఖర్చుకు చివర్లో ఒకేసారి డబ్బిస్తామనేవారు. మధ్యలో మానేస్తే ఆ డబ్బు దక్కడం కష్టం.

2011లో నెదర్లాండ్స్ సంస్థలు దీన్ని నివేదికగా బయటపెట్టాక విదేశీ కొనుగోలుదారులు కదిలారు. చవక ధరకు బేరమాడేదీ వాళ్లే, కట్టడి చేయగలిగిందీ వాళ్లే!

2021 జనవరిలో దిండిగల్ ప్రాంతంలో ఒక ఎగుమతి కర్మాగారపు దళిత కార్మికురాలు హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజరే. 2022 ఏప్రిల్‌లో మహిళలు నడిపే కార్మిక సంఘంతో ఆ కంపెనీ, హెచ్ అండ్ ఎం ఒప్పందాలు కుదుర్చుకున్నాయి. వేధింపుల ఫిర్యాదులపై స్వతంత్ర విచారణ జరగాలన్నది అప్పటి షరతు. కంపెనీ మాట తప్పితే ఆర్డర్లకే ముప్పు వచ్చేలా రాసుకున్నారు. ఆ జులైలో అమెరికా కస్టమ్స్ ఆ కర్మాగారపు సరుకును ఆపి, దిద్దుబాట్లు చూశాక సెప్టెంబరులో అనుమతించింది.

అడగందే అమ్మైనా పెట్టదు. విదేశీ ఆర్డరు ఒక ఆయుధమే కాని, దాన్ని పట్టుకోవడానికి సంఘం కావాలి. అందుకే పిల్లను పనికి పంపే తల్లిదండ్రులకు నా మనవి: జీతం నెలనెలా చేతికొస్తుందా, సంఘంలో చేరనిస్తారా అని ముందే అడగండి.