నులి, పురి, టోర్షన్

ఈ ఆషాఢంలో ఒకే రాత్రి ఒకే మాట రెండుసార్లు ఎదురైంది నాకు. మొదట మా అక్క స్కాన్ రిపోర్టులో. తర్వాత ఆస్పత్రి వరండాలో నాకు తోడుగా కూర్చున్న మ్యాథ్స్ ఫ్రెండు ఒళ్ళో ఉన్న పుస్తకంలో. రెండుచోట్లా టోర్షన్ అనే ఉంది. "మీ లెక్కలకీ ఉందా ఈ జబ్బు?" అన్నాను. నవ్వింది గానీ, గ్రూప్ థియరీలో ఆ పేరు ఎందుకొచ్చిందో తనకీ తెలీదంది. తెలుగు చదివేవాళ్ళం కదా, మాట దొరికితే వదలం.

మాది చిక్కపేట. కన్నడంలో చిక్క అంటే చిన్న. పెళ్ళిళ్ళ సీజన్లో చీరల మూటల మధ్య ఆ సందుల్లో నడిచి చూడండి, తెలుగు చిక్కే సరైన అర్థమనిపిస్తుంది. నాన్నది పట్టుచీరల అంగట్లో పని. అమ్మ ఇంట్లో కొంగులకి కుచ్చులు కడుతుంది. రెండు పాయలు తీసుకుని రెండింటికీ ఒకేవైపు పురి పెట్టి, ఆపైన రెంటినీ కలిపి ఎదురువైపు తిప్పుతుంది. విప్పుకుందామని చూసే రెండు పాయలూ ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. పురికొస నిలిచేదీ, నులక మంచం మనల్ని మోసేదీ ఈ పద్ధతిమీదే.

అంటే పురికి వెనక్కి రావాలని ఉంటుంది. ఫిజిక్సులో టోర్షన్ ఇదే. తీగను ఎంత మెలిపెడితే అంత బలంగా వెనక్కి తిరగాలని చూస్తుంది. 1785లో ఫ్రాన్సులో కూలుంబ్ సన్నటి తీగ మెలిని కొలిచి విద్యుదావేశాల మధ్య బలాన్ని పట్టుకున్నాడు. 1798లో ఇంగ్లండులో కేవెండిష్, సీసపు గుండ్ల ఆకర్షణకి వేలాడే తీగ ఎంత మెలిపడిందో చూసి, భూమి సాంద్రత నీటికి సుమారు ఐదున్నర రెట్లని తేల్చాడు. భూమిని తూచడానికి ఒక తీగ మెలి సరిపోయింది!

క్రేప్ పట్టులో ఈ గుణాన్ని కొంతకాలం నిద్రపుచ్చుతారు. పోగుకి మీటరుకి రెండు మూడు వేల చుట్లు పురి ఎక్కిస్తారు, ఆవిరి పట్టించి దాన్ని కదలకుండా చేస్తారు. పేకలో రెండు పోగులు ఒకవైపు పురివి, రెండు ఎదురు పురివి వేసి నేస్తారు. అప్పటికి గుడ్డ నున్నగానే ఉంటుంది. సబ్బునీళ్ళలో ఉడికించి జిగురు తీసేసరికి పురి నిద్ర లేస్తుంది, గుడ్డంతా సన్నగా ముడతలు పడుతుంది. చీర కట్టుకుంటే జారినట్టుండే ఆ ఒరవడి అక్కడిదే.

ఇక గ్రూపుల సంగతి. గోడ గడియారం చూడండి. ముల్లుని నాలుగు గంటలు ముందుకు జరపడం ఒక పని అనుకోండి. మూడుసార్లు చేస్తే ముల్లు మొదటిచోటికే వస్తుంది. ఐదేసి గంటలు జరిపితే పన్నెండుసార్లు పడుతుంది, అయినా వస్తుంది. ఒక పనిని వరసగా ఇన్నిసార్లు చేస్తే ఏమీ చేయనట్టే అయిపోతుందంటే, అది టోర్షన్ మూలకం. అన్నీ అలాంటివే అయితే అది టోర్షన్ గ్రూప్. పూర్ణసంఖ్యల కూడిక అలా కాదు. ఒకటికి ఒకటి ఎంతసేపు కలుపుతూ పోయినా సున్నా రాదు, తిన్నటి రోడ్డుమీద నడకలాగా.

నాకు ఇక్కడే పేచీ. తీగ వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. గడియారం ముందుకే పోయి ఇల్లు చేరుతుంది. ఇందులో పురి ఎక్కడుంది?

జవాబు కాగితం పట్టీలో దొరికింది. పట్టీకి అరచుట్టు మెలి తిప్పి కొసలు అతికించండి. దీన్ని మోబియస్ పట్టీ అంటారు. అంచు వెంట వేలు నడపండి. వేలు బయల్దేరినచోటికి రావడానికి పట్టీని రెండుసార్లు చుడుతుంది, ఎందుకంటే దానికున్నది ఒకటే అంచు. ఇప్పుడు ఆ అంచుకి గుండ్రటి గుడ్డని మూతలా కుట్టామనుకోండి. (చేత్తో కుదరదు, మనమున్న మూడు కొలతల చోటు చాలదు. మనసులోనే కుట్టాలి.) పట్టీ మీద రెండు చుట్లు తిరిగిన దారాన్ని అంచుకి జరిపి, మూత మీదికి లాగి, చుక్కంత చేసేయొచ్చు. ఒక్క చుట్టు దారం మాత్రం ఎంత లాగినా అలా కాదు. ఒకసారైతే ఉంది, రెండుసార్లయితే లేదు, అచ్చం గడియారం లెక్కే! 1900 ప్రాంతంలో ఆన్రీ పొయంకరే ఇలా తమలో తాము మెలిపడిన ఆకారాలకి కొన్ని సంఖ్యలు కట్టి టోర్షన్ అన్నాడు. 1920లలో ఎమీ నోయ్‌తర్ వాటిని ఉత్త సంఖ్యలుగా కాక గ్రూపులుగా చూడమంది. ఆమె పాఠాలు మొదట్లో గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో హిల్బర్ట్ పేరు మీద ప్రకటించేవాళ్ళట, ఆడమనిషని. అలా గ్రూపుల్లోకి పేరొచ్చింది, మెలి మాత్రం పట్టీ దగ్గరే ఆగిపోయింది.

అక్క సంగతి చెప్పలేదు కదూ. సాయంత్రం ఉన్నట్టుండి కుడివైపు పొత్తికడుపులో నొప్పి, రెండు వాంతులు. తగ్గి, మళ్ళీ వచ్చింది. నెలనొప్పేలే అని వామునీళ్ళిచ్చాం. దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు. ధర్మవరంలో పట్టు వడికిన మా అవ్వ ఒక్కతే, "ఇది నెలనొప్పి కాదు, లోపలేదో నులి పడింది" అని పట్టుబట్టింది. పెద్దాస్పత్రికి తీసుకుపోయాం. అండాశయం తనని పట్టి ఉంచే తీగ చుట్టూ తనే తిరిగిపోయింది. అందులోనే రక్తనాళాలు ఉంటాయి, మెలి బిగిస్తే రక్తం అందదు. దీన్నే డాక్టర్లు టోర్షన్ అంటారు. అండాశయంలో నీటిగడ్డ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుందిట. ఈ టోర్షన్ వెనక్కి వస్తుందని నమ్మి కూర్చోవడానికి లేదు, ముందుకు పోతే ఇల్లు చేరేదీ కాదు. ఇంకొకరి చెయ్యి తిప్పి విప్పాలి, అదీ గంటల్లో. అక్కకి ఆ రాత్రే విప్పారు. నల్లబడిందిగానీ తీసెయ్యలేదు, మళ్ళీ రంగు వచ్చిందన్నారు. హాస్టల్లో ఎవరికైనా ఇలాంటి నొప్పి, వాంతులతో, ఉన్నట్టుండి వస్తే వామునీళ్ళతో తెల్లారేదాకా ఆగకండి.

పొద్దున అవ్వకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "ఎన్ని చుట్లు పడిందంట?"

"రెండంట అవ్వా."

మా ఫ్రెండుకి తెలుగు మాట ఒకటి బాకీ ఉన్నాను. తీగకి మెలి, పోగుకి పురి, కడుపుకి నులి ఉన్నాయి. తిరిగి తిరిగి మొదటికొచ్చే గ్రూపు మూలకానికి ఈ మూడూ కుదరడం లేదు. మీకెవరికైనా తోస్తే ఈ కాగితం కింద ఖాళీలో పెన్సిల్‌తో రాయండి. మేడమ్‌లు కూడా.