పైకి గాయం కనబడని పేలుడు దెబ్బ



పేలుడు అనగానే మనకు కాలిన ఒళ్ళు, కారే రక్తం గుర్తుకొస్తాయి. అయితే ఒంటి మీద గీత కూడా లేకుండా ప్రాణం తీయగల పేలుడు దెబ్బ ఒకటి ఉంది. సముద్ర యుద్ధాలలో దెబ్బతిన్న నావికులకు చికిత్స చేసినప్పుడు వైద్యులకు ఇది బాగా తెలిసివచ్చింది.

మన తీరానికి ఈ యుద్ధాలు కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ రేవు దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ నీటిలోకి వదిలిన బాంబుల వల్లనని మన నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిందని పాకిస్తాన్ చెబుతాయి. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదు. అదే నెల 9న డయ్యూ దగ్గర మన ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ టార్పెడో తగిలి మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. యుద్ధం లేని రోజున కూడా, 2013 ఆగస్టు 14న, ముంబై రేవులో సింధురక్షక్ జలాంతర్గామి పేలుళ్ళకు 18 మంది బలయ్యారు.

పేలుడు శరీరాన్ని ఎలా దెబ్బతీస్తుంది?

నాలుగు విధాలుగా.
1. పేలుడు నుండి వచ్చే ఒత్తిడి అల తగలడం.
2. ఎగిరిపడే ఇనుప ముక్కలు, గాజు పెంకులు గుచ్చుకోవడం.
3. మనిషే విసిరివేయబడి దేనికో కొట్టుకోవడం.
4. మంటలు, పొగ, విషవాయువులు.

పైకి కనబడనిది మొదటిదే. ఈ అల మన శరీరంలో గాలి ఉండే చోట్లను చింపుతుంది. అవి చెవులు, ఊపిరితిత్తులు, పేగులు.

ఓడలో, నీటిలో

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూసినవారికి లోపల ఎంత ఇరుకో తెలుసు. అటువంటి మూసిన గదిలో అల గోడలకు తగిలి మళ్ళీ మళ్ళీ వెనక్కి కొడుతుంది. ఓడ అడుగున మైను పేలితే నేల ఒక్కసారిగా పైకి తన్నుతుంది. నిలబడినవారి మడమలు, కాళ్ళు, వెన్నెముక విరుగుతాయి.

ఓడ మునిగి నీటిలో ఈదేవారికి ఇంకొక అపాయం. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందువల్ల నీటిలో అల ఎక్కువ దూరం, ఎక్కువ బలంతో పోతుంది. తల పైకి ఉంటే చెవులు దక్కుతాయి గాని ఛాతీ, పొట్ట దెబ్బతింటాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో నావికులకు వెల్లకిలా తేలమని చెప్పింది ఇందుకే.

మనకెందుకు ఈ సంగతి?

గ్యాస్ సిలిండర్, బాణసంచా, బాయిలర్ పేలినా ఇదే అల. చేపల కోసం నీటిలో తోటాలు పేల్చడం చట్టరీత్యా నేరం. ఆ దగ్గరలో నీటిలో ఉన్నవారికి నావికులకు తగిలిన దెబ్బే తగలవచ్చు.

ఈ లక్షణాలుంటే వెంటనే ఆసుపత్రికి రండి

* చెవిలో హోరు, వినబడకపోవడం, చెవి నుండి రక్తం
* ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం
* కడుపు నొప్పి, పొట్ట గట్టిపడటం, వాంతులు, మలంలో రక్తం
* మగత, తికమకగా మాట్లాడటం

కొందరిలో ఇవి కొన్ని గంటల తరువాత మొదలవుతాయి. పేగుకు రంధ్రం ఒకటి రెండు రోజుల తరువాత కూడా పడవచ్చు. కాబట్టి దగ్గరలో పేలుడు జరిగితే బాగానే ఉన్నట్లనిపించినా ఒకసారి చూపించుకోండి. డాక్టరుగారు వార్డులో ఉంచి గమనించాలంటే "గాయమే లేదు గదా, ఇంటికి పంపండి" అని తొందరపెట్టవద్దు. ఆ గంటలలో మా నర్సులు నాడి, ఊపిరి, బి.పి. చూస్తూ ఉండేది ఈ లోపలి దెబ్బను ముందుగా పట్టుకోవడానికే.

చేయవలసినవి, చేయకూడనివి

108కి ఫోను చేయండి. ఆయాసం ఉన్న మనిషి స్పృహలో ఉంటే కూర్చోబెట్టండి. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీరు పోయండి. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. డాక్టరు చూసేవరకు టీ, సోడా, మంచినీళ్ళు కూడా తాగించవద్దు, ఆపరేషన్ అవసరం కావచ్చు. చెవిలో నూనె గాని చుక్కల మందు గాని వేయవద్దు. కర్ణభేరికి పడిన చిన్న చిల్లు తడి తగలకుండా చూసుకుంటే చాలామందికి కొన్ని వారాలలో దానంతటదే మానుతుంది.

పేలుడు జరిగిన సమయం, మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, గదిలోనా, ఆరుబయటా, నీటిలోనా అన్నది వచ్చీరాగానే మాకు చెప్పండి. గాయం కనబడని చోట మాకు దారి చూపేది ఆ మాటలే.

- నర్సింగ్ సూపరింటెండెంట్