తెలుపుమీద నీలం: ఇంట్లోని పింగాణీ

వరంగల్లు, హనుమకొండలలోని పాత ఇళ్ళలో గోడగూటిలోనో, అద్దాల బీరువాలోనో తెల్లని పళ్ళెంమీద నీలిరంగు లతలు, పక్షులు, వంతెన, చెట్టు ఉన్న పింగాణీ ఒకటి రెండు కనిపించడం కద్దు. అది తాతలనాటిదనీ, చీనా దేశపుదనీ ఇంటివారు చెప్పుతారు. తాతలనాటిదన్న మాట చాలాసార్లు నిజమే. చీనా దేశపుదన్న మాటను మాత్రం పరీక్షించి చూడవలసి ఉన్నది. ఆ పరీక్షకు పెద్ద పరికరాలేవీ అక్కరలేదు; పింగాణీ అంటే ఏమిటో తెలిస్తే చాలు.

మన కుమ్మరి చేసే కుండ తక్కువ వేడిలో కాలుతుంది. దాని మట్టిరేణువుల మధ్య సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. కుండలో నీరు చల్లబడేది ఆ రంధ్రాలవల్లనే. పింగాణీ సంగతి వేరు. కేవోలిన్ అనే తెల్లమట్టిని, ఫెల్స్పార్ ఉన్న రాతిపొడిని కలిపి సుమారు 1300 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాలుస్తారు. ఆ కాకకు రాతిపొడి కరిగి గాజువలె మారి రంధ్రాలను పూడ్చివేస్తుంది. కేవోలిన్ నుండి ముల్లైటు అనే సూదివంటి స్ఫటికాలు పుట్టి, ఆ గాజుకు ఎముకలవలె నిలబడతాయి. అందుకనే పింగాణీ నీటిని పీల్చదు, గోటితో మీటితే గంటవలె మ్రోగుతుంది, పలుచనిదైతే వెలుతురును కొంత లోనికి రానిస్తుంది. కేవోలిన్ అన్న పేరుకూడ చీనాలోని జింగ్‌డెజెన్ పట్టణం దగ్గర ఉన్న గావోలింగ్ అనే కొండపేరునుండి వచ్చినదే.

ఇక నీలం. అంత వేడికి తట్టుకునే రంగులు చాలా కొద్ది. రాగిరంగు కొలిమిలోని గాలినిబట్టి ఆకుపచ్చగానో ఎర్రగానో మారుతుంది, కొంత ఆవిరై పోతుంది. ఇనుముకూడ అంతే, నిలకడ లేనిది. కోబాల్టు ఆక్సైడు మాత్రం పూతగాజులో కరిగి, చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులను చేర్చుకుని స్థిరపడుతుంది. ఆ స్థితిలో అది కాంతిలోని పసుపు, నారింజ, ఎరుపు భాగాలను మింగి నీలాన్ని విడిచిపెడుతుంది. పూతలో నూటికి ఒక పాలు కన్న తక్కువ ఉన్నా చిక్కని నీలం వస్తుంది. బొమ్మను పచ్చిపాత్రమీద గీసి, దానిపైన పూత పోసి, ఒకేసారి కాలుస్తారు. కాబట్టి రంగు గాజు క్రింద భద్రంగా ఉంటుంది. వందల ఏండ్లు తోమినా చెరగదు.

చీనావారు మొదట వాడిన మేలురకం కోబాల్టు పారశీక దేశంనుండి వచ్చినది. అందులో ఇనుము ఎక్కువ, మాంగనీసు తక్కువ. చీనాలో దొరికే ఖనిజంలో మాంగనీసు ఎక్కువ. ఈనాడు పాత్రకు గాయం చేయకుండ ఎక్స్ కిరణాలతో ఈ నిష్పత్తిని కొలిచి, కాలనిర్ణయానికి సాయం తీసుకుంటున్నారు.

ఇక్కడ వరంగల్లు చరిత్రకు సంబంధించిన ఒక చిక్కు ఉన్నది. గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతంలో మోటుపల్లి రేవున సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. చందనం, కర్పూరం, పట్టువంటి సరకులపై సుంకాలను అందులో నిర్ణయించాడు. అంతటి వ్యాపారం సాగిన కాలంలో చీనా పాత్రలు ఓరుగల్లుకు చేరి ఉండవచ్చు. కాని కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. తెలుపు నీలం పింగాణీ జింగ్‌డెజెన్‌లో పెద్దయెత్తున తయారుకావడం పదునాలుగవ శతాబ్దం రెండవ పాదంలోని మాట. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, తారీఖు వ్రాసిన ప్రసిద్ధమైన జాడీల జంట 1351 నాటిది. కనుక ప్రతాపరుద్రుని ఇంట చీనా పాత్ర ఉంటే అది లేత ఆకుపచ్చ సెలడాన్ పాత్ర అయి ఉండాలిగాని, తెలుపు నీలం పాత్ర అయ్యే అవకాశం బహు స్వల్పం. అందువల్ల కోటలో ఒక మట్టిపొరలో నీలి గీతల పెంకు దొరికితే, ఆ పొర కాకతీయుల తరువాతిదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. అరచేతిలో పట్టే పెంకు శాసనమంత పని చేస్తుందన్న మాట.

అయితే ఆ పెంకు పొరలో ఉన్నంతవరకే ఆ విలువ. జేబులో వేసుకుని ఇంటికి తెస్తే ఒట్టి పెంకు. వరంగల్లు కోట రక్షిత స్థలం. అక్కడ త్రవ్వడం, ఏరడం చట్టవిరుద్ధం. సొంత నేలలో పునాది తీస్తుండగా విలువగల పాతవస్తువు దొరికినా, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. 1972 చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన కళావస్తువు పురావస్తువు అవుతుంది. దానిని ఇంట్లో ఉంచుకోవచ్చు గాని విదేశానికి పంపరాదు. అమెరికాలో ఉన్న మనవడికి కానుకగా పంపాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక మన గూటిలోని పళ్ళెం. నిజమైన పింగాణీ రహస్యం ఐరోపాకు 1708లోగాని చిక్కలేదు. 1710లో జర్మనీలోని మైసెన్‌లో కర్మాగారం వెలసినది. తరువాత ఇంగ్లండువారు చీనా బొమ్మలను రాగిరేకులమీద చెక్కి, పలుచని కాగితంమీద అచ్చువేసి, పాత్రలకు అంటించడం నేర్చారు. వంతెన, చెట్టు, రెండు పక్షులు ఉన్న 'విల్లో' నమూనా ఇట్టి ఆంగ్ల కల్పనే! 1889 నాటికి హైదరాబాదు రాజ్యపు రైలుమార్గం వరంగల్లు మీదుగా బెజవాడదాక సాగింది. సముద్రంమీద వచ్చిన సరకులు ఇక్కడికి చేరడం సులభమైనది. మన ఇళ్ళలోని పళ్ళాలలో చాలాభాగం అటువంటి అచ్చుసరకే అయి ఉంటుందని నా అభిప్రాయం.

భూతద్దంతో అంచును చూడండి. కుంచెగీత ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా ఉంటుంది. అచ్చుగీత సమంగా ఉంటుంది, చిన్నచుక్కలతో నీడలు కనిపిస్తాయి, కాగితం అంచులు కలిసినచోట లత తెగి అతుకు పడుతుంది. అడుగున పూతలేని వలయాన్ని చూడండి. అక్కడ నీటిబొట్టు వేస్తే వెంటనే ఇంకినది పింగాణీ కాదు. ఇంగ్లండు పేరు ముద్రించి ఉంటే బహుశా 1891 తరువాతిది. ఆ సంవత్సరం నుండి అమెరికాకు పోయే సరకులపై దేశం పేరు వేయవలసి వచ్చినది. చీనా చక్రవర్తుల ముద్రలను మాత్రం నమ్మరాదు. పూర్వులపై గౌరవంతో రెండు వందల ఏండ్ల నాటి ముద్రను కొత్త పాత్రలమీద వేయడం అక్కడ మామూలే.

నుమాయిష్‌లో కొనే జయపురపు నీలిపాత్రలు ఈ కోవలోనివి కావు. అవి పలుగురాతిపొడి, గాజుపొడి, జిగురు కలిపి తక్కువ వేడిలో కాల్చినవి. చూడముచ్చటగా ఉంటాయి గాని నీటిలో నానబెట్టరాదు.

పింగాణీని అలంకారంగా అమర్చడం మనకు కొత్త కాదు. మొగలు కట్టడాలలో పాత్రలకోసం చేసిన చిన్న గూళ్ళ వరుసను చీనీఖానా అనేవారు. హైదరాబాదులో సాలార్‌జంగుల దివాన్ దేవిడీలో ఆ పేరుగల గదే ఉండేది; దాని గోడలనిండా పింగాణీ సామగ్రి పొదిగి ఉండేది. ఆ దేవిడీ ఇప్పుడు చాలావరకు లేదు. మూడవ సాలార్‌జంగు సేకరించిన వస్తువులతో 1951లో అక్కడ ప్రారంభమైన మ్యూజియం, 1968లో మూసీ ఒడ్డునగల నేటి భవనానికి మారినది. తెలుపు నీలం చీనా పాత్రలను వరుసగా చూడదలచినవారు అక్కడికి పోవాలి. విషం తగిలితే రంగు మారుతుందనో పగులుతుందనో నమ్మి దొరలు వాడిన సెలడాన్ పళ్ళాలుకూడ ఉండేవి. పూత అంటే గాజు. పాషాణానికి గాజు చలించదు. ఆ నమ్మకం వంటవారిని భయపెట్టడానికి పనికివచ్చి ఉండవచ్చు.

ఇంట్లో అమర్చేటప్పుడు ముఖ్యశత్రువు హఠాత్తుగా మారే వేడి. పూత, లోపలి మట్టి ఒకే కొలతలో వ్యాకోచించకపోతే పూతలో వెంట్రుకవంటి పగుళ్ళు పడతాయి. వరంగల్లు మే నెల ఎండ పడే కిటికీలో పళ్ళెం ఉంచి, దానినే చన్నీటిలో కడగరాదు. తీగకొక్కెంతో వేలాడదీస్తే స్ప్రింగు అంచును రాత్రింబవళ్ళు లాగుతూ ఉంటుంది. కనబడని పగులు ఉంటే పెరుగుతుంది. లోతైన గూటిలో చెక్క ఆధారంపై కొంచెం వెనుకకు వాల్చి, అడుగున ఉన్నిగుడ్డ వేయడం మేలు. పాతకాలంలో విరిగినవాటిని లక్కతోనో, గుడ్డుసొన సున్నంతోనో అతికేవారు, ఇత్తడి తీగలతో కుట్టేవారు. అట్టివాటిని వేడినీటిలో వేస్తే అతుకు విడిపోతుంది. కుట్లను ఊడదీయకండి. పూత పగిలిన పళ్ళెంలోను, పూతపైన ఎరుపు, పసుపు రంగులు వేసినవాటిలోను పులుసు, పచ్చడి పెట్టరాదు. పై రంగులలో సీసం ఉండవచ్చు, పులుపు దానిని కరిగిస్తుంది.