నకలు మీద కత్తెర

ఫిల్ము మీద సినిమాలు తీసే రోజుల్లో ఎడిటరు అసలు నెగటివు జోలికి పోయేవాడు కాదు. ఒక్క గీత పడినా మళ్ళీ తెచ్చుకోలేని సొత్తు అది! దాని నుంచి రష్ ప్రింటు తీయించి, ఆ నకలునే కత్తిరించి, అతికించి, నచ్చకపోతే ఊడదీసేవాడు. ఫిల్ము అంచున వరుసగా అంకెలుంటాయి. కూర్పు ఖాయమయ్యాక ఆ అంకెలు చూసుకుంటూ నెగటివును కత్తిరించేవారు. మద్రాసు స్టూడియోల్లో తయారైన మన తెలుగు సినిమాల కథా ఇదే.

ఇప్పుడు స్టూడియోలో పెద్ద కంప్యూటరు, ప్రయాణంలో లాప్‌టాపు పెట్టుకుని వీడియో కూర్చేవారికీ ఈ కిటుకే పనికివస్తుంది. లాప్‌టాపుకు ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబూ ఇందులోనే దొరుకుతుంది.

ముందు ఒక లెక్క వేద్దాం. 4కె వీడియోలో ఒక్కో బొమ్మ అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు. గుణిస్తే 82,94,400. చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 25 బొమ్మలు అనుకుంటే సెకనుకు 62 కోట్ల బైట్లు దాటుతాయి! ఇంత సమాచారాన్ని దాచడం కష్టం కనుక కెమెరా దాన్ని కుదిస్తుంది. ఎలాగంటారా? నోటుపుస్తకంలో మొదటి పేజీలో పాఠమంతా రాసి, తరువాతి పేజీల్లో 'పై విధంగానే, మూడో పంక్తి మాత్రం మార్చుకోవాలి' అని రాసినట్టు. పుస్తకం చిన్నదవుతుంది, నిజమే. కాని పన్నెండో పేజీలో ఏముందో తెలియాలంటే మొదటి పేజీ నుంచీ రావాలి! ఎడిటరు బొమ్మను ముందుకూ వెనక్కూ జరిపినప్పుడల్లా కంప్యూటరుకు ఇదే పాట్లు. చిన్న ఫైలు తేలికైన ఫైలని అనుకోకూడదు.

అందుకే 'ప్రాక్సీ' అనే నకలు తయారుచేస్తారు. బొమ్మను అడ్డంగా 960, నిలువుగా 540 చుక్కలకు తగ్గిస్తే పని పదహారో వంతు అవుతుంది. పైగా ఏ బొమ్మకా బొమ్మను పూర్తిగా రాసే పద్ధతిలో దాస్తే వెతుకులాట ఉండదు. మామూలు లాప్‌టాపు కూడా చకచకా నడుస్తుంది.

నకలును కోస్తే అసలు ఎలా కూడుతుంది? ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నిజానికి వీడియోను కొయ్యదు. ఏ ఫైలులో ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా తీసుకోవాలో ఒక జాబితా రాసుకుంటుంది, అంతే. 1971లో వచ్చిన సి.ఎం.ఎక్స్. 600 అనే యంత్రమూ తక్కువ నాణ్యత గల నలుపు తెలుపు బొమ్మలమీద కోతలు నిర్ణయించి ఇలాంటి జాబితానే ఇచ్చేది.

కనుక లాప్‌టాపులో మీరు తయారుచేసే అసలు వస్తువు ఆ జాబితా. మూడు రోజులు శ్రమపడి రాసిన జాబితా స్టూడియోలో తెరుచుకోకపోతే? ఎంపికలో మొదట చూడవలసింది ఇదే. వేర్వేరు సాఫ్ట్‌వేర్‌ల మధ్య జాబితాను పంపే మార్గాలున్నా, కోతలు చేరినంత బాగా రంగుల దిద్దుబాట్లు, పేర్ల అక్షరాలు చేరవు. రెండు చోట్లా ఒకే సాఫ్ట్‌వేర్ ఉండటం మేలు. ఫైనల్ కట్ ప్రో ఆపిల్ యంత్రాల్లో తప్ప నడవదు; లాప్‌టాపు విండోస్‌దైతే దాని మాట మరిచిపోవచ్చు. డావిన్సీ రిజాల్వ్, కెడెన్‌లైవ్ విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తాయి. కెడెన్‌లైవ్ ఉచితం, పాత యంత్రాన్ని అంతగా బాధించదు. రిజాల్వ్‌కు మంచి గ్రాఫిక్స్ శక్తి కావాలి. దానిలో ఉచిత రకం ఉంది కాని, డబ్బిచ్చి కొన్న రకానికి మాత్రమే చెందిన ఎఫెక్టులు వాడిన పనిని ఇందులో తెరిస్తే బొమ్మమీద ముద్ర పడుతుంది. అంతేకాదు, కొత్త వెర్షన్‌లోకి మార్చిన పని పాత వెర్షన్‌లో తెరుచుకోదు. లాప్‌టాపులో ముచ్చటపడి కొత్తది వేసుకునే ముందు స్టూడియోలో ఏది ఉందో అడగండి.

అసలు పని మొదలుపెట్టకముందే పది సెకన్ల వీడియోతో పరీక్షించవచ్చు. రెండు కోతలు, ఒక తెలుగు పేరు, ఒక రంగుమార్పు చాలు. దాన్ని స్టూడియోకు తీసుకెళ్ళి, ప్రాక్సీల స్థానంలో అసలు ఫైళ్ళు చూపించి తెరవండి. తెలుగు అక్షరాల బదులు గళ్ళు కనిపిస్తే కంగారుపడకండి, ఆ ఫాంటు అక్కడ లేదన్నమాట.