పదోన్నతియా, పట్టభద్రతయా?

ఇల్లినాయి రాష్ట్రమందలి అరోరా నగరమున, శ్రీ వేంకటేశ్వరాలయమునకు తరలివచ్చు తెలుగు కుటుంబములలో, పిల్లవాడు కళాశాలకు పోవునా అను ప్రశ్న తలయెత్తుట అరుదు. కాని 1975లో వెలసిన ఫాక్స్ వ్యాలీ మాల్ వంటి చోట కౌంటరు వెనుక నిలుచు యువకునికి, అసిస్టెంటు మేనేజరు పదవి చేతికందిన దినమున, అది నిజమైన ధర్మసంకటమే యగును. జీతమును, పైవారి మన్ననయు ప్రత్యక్షములు. పట్టా ఫలము పరోక్షము.

ఐనను లెక్క చూడవలసినదే. అమెరికా కార్మిక గణాంక సంస్థ వారి ప్రకారము 2023లో ఉన్నతపాఠశాలతో చదువాపిన పూర్తికాల ఉద్యోగి మధ్యస్థ వారవేతనము 899 డాలర్లు, పట్టభద్రునిది 1,493.

రెండింటిని ముడివేయు మార్గమును కలదు. తాము ఎంపికచేసిన విద్యాలయములలో చదువు ఉద్యోగుల ఫీజులను, పుస్తకముల వ్యయమును భరించెదమని వాల్‌మార్ట్, టార్గెట్ సంస్థలు 2021లో ప్రకటించినవి. వాబాన్సీ కమ్యూనిటీ కళాశాలయు అరోరాలోనే తరగతులు నడుపుచు, రెండేండ్ల చదువును తక్కువ ఖర్చుతో ముగించి విశ్వవిద్యాలయమునకు మారు వీలు కల్పించుచున్నది. అయితే పదోన్నతితో వచ్చు బాధ్యతలు సాయంత్రములను, శని ఆదివారములను మ్రింగివేయును. కావున జీతమెంత పెరుగునని అడుగుటకు ముందే, తరగతి వేళలకు అనుగుణముగా షిఫ్టులను స్థిరపరతురా యని మేనేజరు నడిగి, ఆ మాటను వ్రాతమూలకముగా పొందవలెనని నా దృఢాభిప్రాయము.